మూడు విజిళ్ళు

జూలై 8, మంగళవారం

మూడు విజిళ్ళు వచ్చాయి. నేను లెక్కపెట్టాను. పదకొండేళ్లుగా లెక్కపెడుతున్నాను, ఒక్కసారీ తప్పలేదు. ఎవరొచ్చి అడిగినా ఇదే చెప్తాను.

అసలు ఎవరూ అడగలేదు. పొద్దున సారయ్య అనే మనిషి వచ్చి పోయినప్పటి నుంచి నాకు నేనే జవాబులు చెప్పుకుంటున్నాను. అందుకే ఈ డైరీ తీశాను. జనవరిలో ఎవరో మందుల కంపెనీ వాళ్ళు ఇచ్చిపోయింది. ఇన్నాళ్లూ మా అమ్మీ దీని మీద టీ గ్లాసు పెట్టుకుంది, అట్ట మీద గుండ్రటి మరకలున్నాయి.

సారయ్యది పాలంపేట. భార్య పేరు సమ్మమ్మ. ఆమె మెడకు రెండు పక్కలా గడ్డలు లేచాయి. అందులోంచి సూదితో తీసిన కణాలు పోయిన నెలాఖరున వరంగల్ సుబేదారిలోని మా ల్యాబ్‌కి వచ్చాయి. వాటిని మైనంలో పోసి దిమ్మ చేసింది నేనే, కోసింది నేనే, రంగు వేసింది నేనే. మూడో తారీఖున హరికృష్ణ సార్ రిపోర్ట్ ఇచ్చారు. కార్సినోమా అనే క్యాన్సర్, ఎక్కడో పుట్టి మెడ దాకా పాకింది అని. దవాఖానలో అది చూసి, చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారట.

దిమ్మ, గాజుపలకలు వాపసు తీసుకుని హైదరాబాద్‌లో ఇంకొకరికి చూపిద్దామని వచ్చాడు. బెంచీ అంచున కూర్చుని రిపోర్ట్ నా ముందుకు జరిపాడు.

"గీ కాగితంల ఏమున్నదో జర చెప్పు బిడ్డా. దవాఖానల అడిగితె టైం లేదంటాండ్రు."

"కాకా, మన పానంల ఒక్కో జాతి కణానికి ఒక్కో గుర్తు ఉంటది. ఆ గుర్తును పట్టేటి మందు ఉంటది. పట్టిందనుకో, కణం గోధుమరంగుకు తిరుగుతది. పట్టకుంటె నీలంగనె ఉంటది. గడ్డ ఏ జాతిదో గట్ల ఎరుకైతది."

"గొల్లోళ్ళు గొర్లకు రంగు ముద్ర ఏసినట్టా? మందలు కలిసినా ఎవల గొర్లను వాళ్ళు పడ్తరు."

"అట్లనే."

"మరి మా దాని గడ్డల ఏ ముద్ర దొరికింది?"

"తెల్లకణాల మందుకు రంగు రాలే. అంటె ఆ జాతి కాదన్నట్టు."

"రంగు రాకుంటె ఆ జాతి కాదన్నట్టేనా బిడ్డా? పోయినేడు నేను మిర్పతోటకు మందు కొడితె పురుగు సావలే. పురుగే వేరేదనుకున్న. తీరా సూస్తె మందు నకిలీది."

నాకు ఒళ్లు మండింది. పదకొండేళ్ల పని పట్టుకుని ఈయన మిర్చి పురుగుతో పోలుస్తాడా? "మా మందు మంచిదే కాకా" అన్నాను. గొంతు పెద్దదే అయింది. దిమ్మ లోపల స్టోర్‌లో ఉంది, రేపు రమ్మన్నాను.

దిమ్మ స్టోర్‌లో లేదు. నా చేతికి అందే డ్రాయర్‌లో ఉంది. ఎందుకు అబద్ధం చెప్పానో తెలియదు.

జూలై 9, బుధవారం

చూశాను. చూడకుండా ఉండాల్సింది.

రిపోర్ట్‌లో ఉన్నది ఇది. తెల్లకణాల మందు ఎల్‌సీఏ, రంగు రాలేదు. చర్మం, గ్రంథుల్లాంటి పైపొరల జాతి మందు సీకే, అక్కడక్కడా గోధుమరంగు. కాబట్టి కార్సినోమా. సీకే పలక తీసి చూస్తే ఆ గోధుమరంగు అంతా అంచున ఉంది. ముక్క అంచు ఎండితే ఏ మందైనా అంటుకుంటుంది, ఈ సంగతి ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలకు మొదటి వారమే చెప్తాను. అది రంగు కాదు, మరక.

ఎల్‌సీఏ పలక అంతకన్నా ఘోరం. మెడ గడ్డలో రోగం ఎంత ఉన్నా, సందుల్లో ఆరోగ్యంగా ఉన్న చిన్న తెల్లకణాలు కొన్ని ఉంటాయి. మిగతావి ఏమైనా కానీ, అవి మాత్రం గోధుమరంగుకు తిరిగి తీరాలి. ఈ పలకలో అవి కూడా నీలమే. పలక మొత్తం ఎండాకాలం ఆకాశంలా ఉంది. అంటే మందు ఏ గుర్తునూ పట్టలేదు. ఆమెది ఆ జాతి కాదని చెప్పడానికి అసలు పరీక్ష జరిగితే కదా.

సారయ్య మిర్చి తోట.

మందు పాతబడిందా? లేదు, మే నెలలో తెరిచిన సీసా. ఫ్రిజ్? మంచిగానే ఉంది. కరెంట్ పోయిందేమో. సార్ చూడకుండానే సంతకం పెట్టారేమో, రోజుకు నూరు పలకలు చూసే మనిషి. పక్కన కంట్రోల్ ముక్క పెట్టి ఉంటే అప్పుడే తెలిసేది, నిజమే. కంట్రోల్ అంటే జవాబు ముందే తెలిసిన ముక్క. తెల్లకణాలు నిండుగా ఉండే మా టాన్సిల్ దిమ్మ జూన్‌లోనే అరిగిపోయింది, కొత్తది చేయాల్సింది నేను. అది వేరే సంగతి.

కుక్కర్ తప్పు మాత్రం కాదు. ముక్క కుళ్ళకుండా వాడే ఫార్మలిన్‌లో పడ్డ కణాలు తలుపులు మూసుకుంటాయి, కుక్కర్‌లో ఉడికిస్తే తెరుచుకుంటాయి, అప్పుడే మందు లోపలికి పోతుంది. పెద్ద ల్యాబుల్లో దానికి మెషిన్ ఉంటుంది, మాకు అయిదు లీటర్ల ప్రెస్టీజ్ కుక్కర్ ఉంది. మూడు విజిళ్ళు రావాలి. వచ్చాయి. రబ్బరు రింగు కూడా కొత్తది, నా చేతులతో నేనే మార్చాను.

సారయ్య మళ్ళీ వచ్చాడు. దిమ్మ ఇంకా దొరకలేదన్నాను. ఆయన నా మొహం వంక చూసి, తన ఫోన్ నంబర్ నాతో చీటీ మీద రాయించి పెట్టాడు. "నాట్లు పడ్డయి బిడ్డా. దాన్ని ఒక్కదాన్ని ఇడిసిపెట్టి దినాం రానీకి కాదు. దమ్ము ఆడుత లేదు దానికి" అని పోయాడు.

జూలై 10, గురువారం

హరికృష్ణ సార్‌కి రెండు పలకలు చూపించబోయాను. ఆయన చూడలేదు.

"ఆసిమా, రంగు వేసేది నువ్వు, చదివేది నేను. ఎవరి పని వాళ్ళు చేస్తే మంచిగుంటది."

"చిన్న కణాలు కూడా నీలంగున్నయి సార్. ఒక్కసారి చూడండి."

"అమ్మా, రిపోర్ట్ పోయి వారమైంది."

నేను గట్టిగా మాట్లాడానేమో, మేనేజర్ రాంప్రసాద్ సార్ తన గదిలోంచి లేచి వచ్చారు. ఇరవై ఒకటో తారీఖున ఇన్‌స్పెక్షన్ ఉంది. అది దాటితే ల్యాబ్‌కి సర్టిఫికెట్ వస్తుంది. గోడలకు రంగులు కూడా వేయిస్తున్నారు.

"ఇప్పుడు ఒక్క రిపోర్ట్ తప్పని ఒప్పుకుంటే, ఏడాదివన్నీ తీసి చూస్తరు. నీకు సమజైతాందా? ఆ దిమ్మ వాళ్ళకిచ్చి పంపియ్. హైదరాబాద్ల ఏం చూసుకుంటరో చూసుకోని."

"హైదరాబాద్ పొయ్యే దాక ఆమె ఉండాలె గద సార్."

"ఆసిమా. ఇంక ఆ కేసు ముట్టకు. ముడితే రేపటి నుంచి రాకు."

నా పని నాకు చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను తప్పు చేయలేదు కాబట్టి నాకెవరి భయమూ లేదు. ఇంటికొచ్చి అమ్మీ మీద అరిచాను. కుక్కర్ ముందు పీట వేసుకుని కూర్చుంది. చెవులు వినపడక నాలుగేళ్లయింది, విజిల్ వినదు. వెయిట్ లేచినప్పుడల్లా ఒక చింతగింజ పక్కన పెడుతుంది. మూడు గింజలైతే పొయ్యి కట్టేస్తుంది.

"ఇంకో పని లేదా అమ్మీ, దాని ముంగట కూసుంటవ్? పక్క రూంల ఉన్నా వినపడే దాన్ని కండ్లతోటి చూసుడేంది?"

అమ్మీకి సగమే వినపడింది. "ఫికర్ చేయకు బేటీ, ఉడుకుతది" అంది.

జూలై 11, శుక్రవారం

ఎవరితోనూ మాట్లాడలేదు. మూడు విజిళ్ళు వచ్చాయి.

జూలై 12, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం ఇంకో పేషెంటు పలకలు కుక్కర్‌లో పెట్టాను. ఎప్పుడూ ముందు గదిలో కూర్చుని పేర్లు రాసుకుంటూ వింటాను. ఇవాళ ముందు గదిలో పెయింట్ వేస్తున్నారు, వాసన పడక వెనక గదిలోనే, కుక్కర్ ఎదురుగా కూర్చున్నాను. విజిల్ వినపడింది. ఒకటి అని లెక్క వేసుకున్నాను.

తల ఎత్తి చూస్తే కుక్కర్ మీద వెయిట్ కదల్లేదు. ఆవిరి కూడా ఇంకా మొదలు కాలేదు.

రెండో విజిల్. వెయిట్ అలాగే కూర్చుని ఉంది. శబ్దం పొయ్యి మీద నుంచి కాదు, గోడ పైన వెంటిలేటర్ నుంచి వస్తోంది.

చెప్పులు కూడా వేసుకోకుండా సందులోంచి తిరిగి వెనక్కి పోయాను. మా గోడ అవతల కళావతక్క మెస్ ఉంది. హాస్టల్ పిల్లలకు వండి పెడుతుంది. మా వెంటిలేటర్ కింద సరిగ్గా ఆమె పొయ్యి, పొయ్యి మీద బిందెంత కుక్కర్.

"అక్కా, పొయ్యి ఇటెప్పుడు పెట్టినవ్?"

"వానలు పడ్డసంది. ముంగట రేకులు కారుతానయ్. ఎందుకే, పొగ అస్తాందా?"

"ఎన్నో తారీఖు?"

"తారీఖులు నాకేం ఎరుక. జూన్ ఆఖర్ల. ఆదివారం జరుపుకున్న, సోమారం పప్పు ఇక్కడ్నే అండిన."

"సోమారం పప్పు ఏ టైంకు పెడ్తవ్?"

"పన్నెండున్నరకు. పోరలు ఒంటిగంటకు అస్తరు గద. గట్ల సూస్తవేంది? మూడు విజిళ్ళు పడాలె, లేకుంటె కందిపప్పు ఉడుకది. నువ్వు తింటవా? మొఖం తెల్లగ అయింది."

వెనక్కి వచ్చి రిజిస్టర్ తీశాను. నా చేతిరాతే. జూన్ 30, సోమవారం. సమ్మమ్మ, అయిదు పలకలు. కుక్కర్ పెట్టిన సమయం పన్నెండు ముప్పై అయిదు. మూడు విజిళ్ళు. పక్కన టిక్కు.

దాని కింద జూలై ఒకటి. అదీ నా రాతే. "కుక్కర్ రబ్బరు పగిలి ఆవిరి పోతున్నది. కొత్తది వేయడమైనది."

తొమ్మిదో తారీఖున ఈ డైరీలోనే రాశాను, రింగు కొత్తదని. కొత్తదే. ఒక రోజు ఆలస్యంగా కొత్తది. నాకు తెలుసు. మార్చిన రోజే ఒక్క క్షణం అనుమానం వచ్చింది, నిన్నటి పలకలు ఏమయ్యాయో అని. మూడు విజిళ్ళు విన్నాను కదా అని దాన్ని అక్కడే నొక్కేశాను. ఆ పగిలిన రింగుతో నా కుక్కర్ అసలు కూతే పెట్టి ఉండదు.

మూడు విజిళ్ళు వచ్చాయి. మూడూ పప్పువి.

అప్పటి నుంచి వేసిన పలకలన్నీ బయటికి తీశాను. ఒక్కొక్కటీ చూశాను. కొత్త రింగు వేశాక నేను పెట్టినవి పొద్దున పదింటికి, లేదంటే మూడు దాటాక. అన్నిటిలోనూ చిన్న కణాలు గోధుమరంగులో కళ్లు తెరుచుకుని ఉన్నాయి. జూన్ 30న కుక్కర్‌లో సమ్మమ్మవి తప్ప ఇంకెవరివీ లేవు. ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషిని ఇంటికి పంపించేశారు.

బాత్రూంలోకి పోయి ఏడ్చాను. కాసేపే. తర్వాత నా మీద నాకే చెప్పలేనంత కోపం వచ్చింది, ఆ కోపంతోనే అపెండిక్స్ ముక్క ఒకటి వెతికి కొత్త కంట్రోల్ దిమ్మ సిద్ధం చేశాను. కేసు ముట్టుకోవద్దన్నారు కదా, ముట్టుకుంటాను.

జూలై 13, ఆదివారం

ఆదివారం పొద్దున రక్తం శాంపిళ్ళ కోసం ల్యాబ్ తెరిచే ఉంటుంది. రాంప్రసాద్ సార్ రారు. హసన్‌పర్తి నుంచి ఏడున్నర బస్సుకే బయల్దేరాను. బయల్దేరేటప్పుడు అమ్మీ డబ్బాలోంచి మూడు చింతగింజలు తీసి జేబులో వేసుకున్నాను. అమ్మీ చూసింది, ఏమీ అడగలేదు.

సమ్మమ్మ దిమ్మ కోశాను. ప్రతి పలక మీదా ఆమె ముక్క పక్కన అపెండిక్స్ ముక్క. పీట లేదు, పాత ఫార్మలిన్ క్యాన్ బోర్లించి కుక్కర్ ముందు కూర్చున్నాను. వెయిట్ లేచింది, ఒక గింజ. మళ్ళీ లేచింది, రెండో గింజ. మధ్యలో గోడ అవతల ఒక విజిల్ వచ్చింది. "అది నీది" అని గోడకు చెప్పాను. మూడో గింజ పెట్టి కట్టేశాను.

మందు వేసి, కడిగి, మళ్ళీ వేసి, రంగు వేసే సరికి మధ్యాహ్నం రెండు దాటింది. మైక్రోస్కోప్ కింద పెట్టే ముందు చేతులు తుడుచుకున్నాను. తడి లేదు, ఊరికే తుడుచుకున్నాను.

అపెండిక్స్ ముక్కలో తెల్లకణాలు గోధుమరంగు. పరీక్ష జరిగింది. పలక జరిపాను.

సమ్మమ్మ కణాలు, పెద్దవీ చిన్నవీ, ఒక్కటి కూడా వదలకుండా గోధుమరంగు. ఒక్కో కణం చుట్టూ గీత గీసినట్టు. తెల్లకణాల్లోనే ఒక రకాన్ని పట్టే మందు సీడీ ట్వంటీ, అందులోనూ పెద్ద కణాలన్నీ గోధుమరంగే. సీకే పలక శుభ్రంగా నీలం.

కార్సినోమా కాదు. లింఫోమా. తెల్లకణాల జాతి క్యాన్సర్. ముదిరినా మందుకు లొంగే జాతి.

రిపోర్ట్ రాసే హక్కు నాకు లేదు. కానీ చూసే కళ్ళు నాకూ ఉన్నాయి. ఎవరూ లేని గదిలో "ఉన్నది, ఉన్నది" అని అరిచాను. బయట రక్తం ఇవ్వడానికి వచ్చిన ముసలాయన తలుపు తోసి, "ఏమున్నది బిడ్డా?" అన్నాడు.

జూలై 14, సోమవారం

సార్ వచ్చీ రాగానే రెండు పలకలు ఆయన బల్ల మీద పెట్టాను. పాతది, కొత్తది. "ఎవరి పని వాళ్ళు చేద్దాం సార్. నా పని అయింది. ఇగ చదువుడు మీ పని" అన్నాను. ఇలా మాట్లాడతానని నేనే అనుకోలేదు.

సార్ అరగంట మైక్రోస్కోప్ వదల్లేదు. పాత పలక, కొత్త పలక, మళ్ళీ పాతది. లేచినప్పుడు మొహం వాడిపోయి ఉంది.

"చిన్న కణాలు నీలంగ ఉన్నై. అంచు మరకను రంగని రాసిన. నేను అప్పుడే చూడాల్సింది ఇది. నువ్వు తెచ్చిన రోజన్న చూడాల్సింది."

"నేను కుక్కర్ చూడాల్సింది సార్. మీకన్న ముందు."

కళావతక్క పప్పు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

రాంప్రసాద్ సార్‌ని పిలిచారు. ఆయన ముందు అరిచారు, తర్వాత కూర్చున్నారు, తర్వాత చాలా మెత్తగా ఒక మాట చెప్పారు. "అదనపు పరీక్షలు చేయగా లింఫోమా అని తేలింది అని రాయండి. ఆమెకు మందు దొరుకుతది. మనకు తప్పు లేదు. ఆసిమా పేరు రాదు, మీ పేరు రాదు. అందరు మంచిగుంటరు."

ఒక్క క్షణం నాకూ బాగుందనిపించింది. ఇక్కడ నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. అందరూ మంచిగుంటారు, నా పదకొండేళ్లు మంచిగుంటాయి.

"అదనపు అంటే మొదటిది నిలబడ్డట్టే గద సార్" అన్నాను. "దవాఖానల రెండు కాగితాలు పక్కపక్కన పెడ్తరు. ఒకటి పాకింది అంటది, ఒకటి కాదంటది. వాళ్ళు ఆలోచించుకునే లోపల ఆమెకు దమ్ము ఆగుతది. మొదటిది కొట్టెయ్యాలె."

"కొట్టేస్తే కారణం రాయాలె. నీ పేరు రాసుకుంటవా?"

"రాసుకుంట. విజిల్ నాది కాదు గని, చెవులు నావే."

హరికృష్ణ సార్ పెన్ను మూత తీశారు. "మూడో తారీఖు రిపోర్ట్ రద్దు" అని మొదటి వాక్యం రాశారు. కారణం దగ్గర కాగితం నా వైపు తిప్పారు. సరిగా ఉడకని పలకలు, కంట్రోల్ పెట్టలేదు, టెక్నీషియన్ ఆసిమా. రాసి ఇచ్చాను. దాని కింద ఆయన, చదివింది తాను అని రాసుకున్నారు.

సారయ్య ఫోన్ స్విచాఫ్. సాయంత్రం దాకా పదిహేను సార్లు చేశాను.

జూలై 15, మంగళవారం

సెలవు అడగలేదు. కాగితం సంచిలో పెట్టుకుని ములుగు దాకా బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, తర్వాత ఆటో. ఆటో అతను నేను రామప్ప గుడికి పోతున్నాననుకుని శిల్పాల గురించి మొదలుపెట్టాడు. సారయ్య ఇల్లు అడిగితే శిల్పాలు వదిలేశాడు. "గా గడ్డల సమ్మమ్మ ఇల్లా" అన్నాడు. ఊరంతటికీ ఆమె అప్పటికే పోయిన మనిషి.

సమ్మమ్మ వసారాలో మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. మెడ రెండు పక్కలా ఉబ్బి గదుమతో కలిసిపోయింది. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటోంది. సారయ్య నన్ను చూసి లేచాడు. "దిమ్మ దొరికిందా?"

"దిమ్మ నా దగ్గర్నే ఉండె కాకా. పోయింది నా తెలివి."

నిలబడే చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు. కుక్కర్, విజిల్, పప్పు, ఏదీ దాచలేదు. ఆ గడ్డ వేరే జాతిది, మందు ఉంది, తగ్గుతుందని నేను మాట ఇవ్వలేను కానీ చాలామందికి తగ్గుతుంది, ఇవాళే పోవాలి అని చెప్పాను.

సారయ్య నా వైపు చూడకుండా అన్నాడు. "పన్నెండు దినాలు. చుట్టాలందరిని పిలిచి ఆఖరి సూపు సూపిచ్చిన. నీళ్ళు సుత తాగకుంట దానికి కాపలున్న. నేను అడుగలేదా బిడ్డా నిన్ను? మందు మంచిదేనా అని నోరు తెరిచి అడుగలేదా?"

"అడిగినవ్ కాకా."

"నువ్వేమన్నవ్?"

"మంచిదే అన్న."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు. మంచం మీద నుంచి సమ్మమ్మ చెయ్యి ఎత్తింది.

"నా గడ్డను... కుక్కర్ల ఉడకవెట్టింది... నువ్వేనా పిల్లా?"

"నేనే పెద్దమ్మా. సరిగ్గ ఉడకవెట్టలే."

ఆమె నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగే దాకా నేను ఆమె వీపు పట్టుకున్నాను. "గింత సదువు సదివి... పప్పు ఉడికిందో లేదో... మూత తీసి సూడద్దా" అంది. తర్వాత మొగుడి మీద కళ్ళెర్ర చేసింది. "ఏం నిలవడ్డవ్? దీన్ని తిట్టేటియి అన్ని... తొవ్వల తిడ్త. నాకు ఇంకో చీర తే. గీ చీర మీద... దవాఖానకు రాను."

సారయ్య లోపలికి పోయాడు. చొక్కా వేసుకుని, చీర పట్టుకుని వచ్చాడు.

ఆటో అతను మా ముగ్గురినీ వరంగల్ దాకా తెచ్చాడు. ఆమె దారంతా తిట్టింది. నన్ను కాదు, చూడ్డానికి వచ్చి ఏడ్చిపోయిన చుట్టాలను.

జూలై 16, బుధవారం

చేర్చుకున్నారు. అక్కడి డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివి, "రద్దు అని ఇంత సాఫ్‌గా రాసి ఇయ్యంగ నేనెప్పుడూ చూడలేదు" అంది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

జూలై 22, మంగళవారం

నిన్న ఇన్‌స్పెక్షన్ అయింది. రిజిస్టర్ ఆ పేజీ దగ్గరే తెరిచారు. ఉడికించడానికి ఏం వాడతారు అని అడిగితే కుక్కర్ చూపించాను. సమయం ఎలా కొలుస్తారు అంటే జేబులోంచి చింతగింజలు తీసి చూపించాను. ఒకాయన నవ్వాడు, ఇంకొకాయన రాసుకున్నాడు. రాంప్రసాద్ సార్ మొహం కొత్త గోడ రంగులో కలిసిపోయింది.

జూలై 30

సర్టిఫికెట్ ఈసారి ఆపారు. మూడు నెలల తర్వాత మళ్ళీ వస్తారు. ఆవిరి కొలిచే గేజ్, గంట కొట్టే టైమర్, ప్రతి పలకకూ కంట్రోల్, ఇవన్నీ ఉండాలన్నారు. నేను ఎప్పుడో అడగాల్సినవే.

ఆగస్టు 4, సోమవారం

మెమో ఇచ్చారు. రెండు రోజుల్లో జవాబు రాయాలి. "సంస్థ పేరుకు నష్టం కలిగినందున" అని మొదలైంది. కింద ఒక గడి. జరిగిన తప్పు ఎవరిది. నన్ను తీసేయడానికే అని అందరికీ తెలుసు. హరికృష్ణ సార్ పిలిచి, "ఇద్దరిదీ అని రాయి, నేనూ సంతకం పెడతా" అన్నారు. మంచి మనిషే, ఆలస్యంగా మంచి మనిషి.

ఇంట్లో చెప్పాను. అమ్మీకి గట్టిగా చెప్పాల్సి వచ్చింది కాబట్టి వాడకట్టంతా విన్నది.

"నౌకరీ పోతదా బేటీ?"

"పోతె పోనీ అమ్మీ. కుక్కర్ పెట్టుడు మల్ల నేర్చుకున్న గద."

ఆగస్టు 6, బుధవారం

మధ్యాహ్నం సారయ్య వచ్చాడు. బెంచీ అంచున కాదు, మధ్యలో కూర్చున్నాడు. మొదటి విడత మందు పడి రెండు వారాలు దాటింది.

"మెడ మల్ల మెడ తీర్గ అయింది. పండుకుంటె దమ్ము అస్తాంది. నిన్న దవాఖాన అన్నం బాగలేదని నర్సుతోటి కొట్లాడింది" అన్నాడు. ఇంకా అయిదు విడతలున్నాయి. ఏమైనా కావచ్చు. డాక్టరమ్మ కూడా అదే చెప్పిందట.

లేచేటప్పుడు చెప్పాడు. "నిన్ను మాఫ్ చేసిన అనుకోకు బిడ్డా. గా పన్నెండు దినాలు నేను మరువను."

"మరువకు కాకా. నేను సుత మరువ."

"గని ఇంటికొచ్చి మొఖం మీద చెప్పినవ్." అంతే అని వెళ్ళిపోయాడు.

ఆయన పోయాక మెమో తీసి బల్ల మీద పరిచాను. సాయంత్రానికి ఇవ్వాలి. ఇద్దరిదీ అని రాయవచ్చు. రబ్బరు రింగుది, టాన్సిల్ దిమ్మది, వానది, రేకులది, పప్పుది అని కూడా రాయవచ్చు. తీసేస్తారో ఉంచుతారో వాళ్ళ ఇష్టం. ఈ చేతులకు ఎక్కడైనా పని దొరుకుతుంది, ఇప్పుడు ఈ చేతులకు కళ్ళు కూడా వచ్చాయి.

గోడ అవతల విజిల్ కూసింది. ఆ వెంటే వెంటిలేటర్‌లోంచి కళావతక్క కేక. జరిగింది తెలిసినప్పటి నుంచి ప్రతి విజిల్‌కీ ఇలాగే అరుస్తోంది, నేను వద్దన్నా మానదు.

"ఆసిమా, ఇది నాదే!"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే పెన్ను తీసి, ఆ గడిలో ఆమె మాటే రాశాను. "ఇది నాదే."

కింద సంతకం పెట్టి, తారీఖు వేశాను.